టైరు గాలి దించడానికి ఏ డిఫ్లేటర్? పిన్ను లాగేదా, తనంతట తానే ఆగేదా?

#1 ఇసుకపురుగు

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి.

బండి ఫోర్‌బైఫోర్, టైర్లు 265/70 ఆర్17, అల్లాయ్ రిమ్ములు. రోడ్డు మీద గాలి ఒత్తిడి 35 పీఎస్‌ఐ పెడతాను. టైరులో గాలి తగ్గితే చెప్పే టీపీఎంఎస్ సెన్సార్లు బండితోనే వచ్చాయి. నెలకి ఒకట్రెండు సార్లు సముద్రపు ఇసుకలోకి, కంకర దారుల్లోకి వెళ్తాం. నేను, మా ఆవిడ, ఒకే బండి, వెనక ఇంకో బండి ఉండదు.

ఇప్పటిదాకా ఇసుకలో దిగబడకుండా గాలి దించడమంటే ఒక్కో టైరు దగ్గర గొంతుక్కూర్చుని తాళంచెవి మొనతో వాల్వ్ లోపలి పిన్ను నొక్కి పట్టుకోవడం, మధ్యమధ్యలో గేజ్ పెట్టి చూసుకోవడం. పోయిన వారం మిట్టమధ్యాహ్నం ఎండలో 35 నుంచి 18కి దించడానికి మూడు టైర్లకే పావుగంట పట్టింది. నాలుగోది విసుగొచ్చి 22 దగ్గర వదిలేశా. సరిగ్గా ఆ టైరే దిగబడింది. పార పట్టుకుని అరగంట తవ్వాను.

అందుకని డిఫ్లేటర్ కొందామని చూస్తుంటే రకరకాలున్నాయి. పిన్నునే బయటికి లాగేసేవి, ఒక అంకెకి సెట్ చేస్తే అక్కడ ఆగిపోయేవి, నాలుగు టైర్లకీ గొట్టాలతో కలిపేవి. నాలాంటివాడికి ఏది పనికొస్తుంది?

#2 నాలుగో గేరు

ఆలోచించే పనే లేదు, ఆటోమేటిక్ తీసుకోండి. నా దగ్గర స్టాన్ కంపెనీ సెట్ ఉంది, నాలుగు ఇత్తడి ముక్కలు, తోలు సంచిలో. ఇంట్లో ఒకసారి 18కి సెట్ చేసి పెట్టుకున్నా. ఇసుక మొదలయ్యే చోట బండి ఆపి, నాలుగు మూతలు తీసి, నాలుగూ బిగిస్తా. బుస్సుమంటూ ఉంటాయి. ఈలోపు జెండా కట్టుకోవడం, సామాను సర్దుకోవడం అన్నీ అయిపోతాయి. తిరిగొచ్చేసరికి నాలుగూ ఆగిపోయి ఉంటాయి. కూర్చునే పని లేదు, చూసే పని లేదు.

#3 పాత జీపు

తాళంచెవితో నొక్కకు తమ్ముడూ, మొన అరిగిపోతే ఇంటికి రాలేవు. పుల్ల వాడు.

#4 ఇసుకపురుగు

పాత జీపు అన్నా, పుల్లతో కూడా అదే పావుగంట కదా!

#5 పాత జీపు

అవును. కానీ పుల్లకి సెట్టింగ్ తప్పదు, లోపలి రబ్బరు ఓ-రింగ్ పోదు, ఇంట్లో మర్చిపోవడమూ ఉండదు. 1920ల చివర్లో బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ బృందం ఫోర్డు కార్లేసుకుని లిబియా ఎడారి ఇసుక తిన్నెలెక్కింది. వాళ్లకి ఉన్నదల్లా గాలి దించుకోవడం, దిగబడితే చక్రాల కింద ఇనుప రేకులు పరవడం. తోలు సంచిలో ఇత్తడి ముక్కలు లేవు.

#6 రాళ్లదారి

నేను పదేళ్లుగా పిన్ను లాగేదే వాడుతున్నా. మొదట ఏఆర్‌బీ వాళ్ల ఈజీ డిఫ్లేటర్, తర్వాత అదే పద్ధతిలో ఉన్న ఇంకోటి. ఎందుకు మారలేదో చెప్తా.

టైరు వాల్వ్‌లో గాలికి అడ్డం ఆ చిన్న పిన్నే. దాన్ని నొక్కి పట్టుకుంటే గాలి దాని చుట్టూ ఉన్న సన్నటి సందులోంచి దూరి రావాలి. పిన్నునే తీసేస్తే కాడ మొత్తం ఖాళీ. నా టైర్లు నీ సైజు కంటే కాస్త పెద్దవి. 35 నుంచి 18కి ఒక్కోదానికి ముప్పావు నిమిషం, మహా అయితే నిమిషం. నాలుగు టైర్లూ, మధ్యలో నడకా కలిపి ఐదారు నిమిషాల్లో తేలిపోతుంది.

వాడే పద్ధతి ఇది. మూత తీసి జేబులో వేసుకో, ఇసుకలో పెట్టకు. పరికరాన్ని వాల్వ్ మీద వేళ్లతోనే బిగించు. వెనకున్న నాబ్‌ని లోపలికి నొక్కుతూ నిదానంగా ఎడమకి తిప్పు. ఒకచోట పిన్ను తల గాడిలో కూర్చుంటుంది, వేళ్లకే తెలుస్తుంది. నాలుగైదు చుట్లు తిప్పాక ఇక నువ్వు లాగనక్కర్లేదు, లోపలి గాలే తంతుంది, నాబ్ టప్పున వెనక్కొస్తుంది. అప్పుడు పరికరం మీద జారే కాలర్ జరిపితే గాలి బయటికి. మొదటిసారి ఆ చప్పుడుకి ఉలిక్కిపడతావు, తర్వాత అలవాటవుతుంది.

ముఖ్యమైన సంగతి: కాలర్ తెరిచి ఉన్నంతసేపూ గేజ్ చూపించేది నమ్మకు. గాలి పారుతుంటే ముల్లు అసలు కంటే తక్కువ చూపిస్తుంది. కాలర్ మూసి, ముల్లు నిలబడ్డాక చదవాలి. కొత్తవాళ్లు 18 చూపించగానే ఆపేస్తారు, మూసి చూస్తే 23 ఉంటుంది. ‘గేజ్ చెడిపోయింది’ అని ఇక్కడికొచ్చి రాస్తారు.

అయిపోయాక పిన్నుని మళ్లీ బిగించాకే పరికరం విప్పాలి. ఆ తర్వాత వాల్వ్ మీద కాస్త ఉమ్మి రాసి చూడు. బుడగ రాకపోతే మూత పెట్టెయ్.

#7 వాల్వ్ పిన్ను

టైర్ల పనే నా వృత్తి కాబట్టి ఒక మాట. పై పోస్ట్‌లో అంతా సరిగ్గా ఉంది, ఒక్కటి తప్ప. సెన్సార్లున్న బండి అని ఆయన మొదట్లోనే చెప్పారు.

సెన్సార్ ఉన్న చక్రాల్లో చాలావాటికి వాల్వ్ కాడ అల్యూమినియంది. మామూలు పిన్ను ఇత్తడిది. ఈ రెండు లోహాలూ తేమ, ఉప్పు తగిలే చోట కలిసుంటే తుప్పు పట్టి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అందుకే అల్యూమినియం కాడల్లో నికెల్ పూత ఉన్న పిన్నులు వేస్తారు. పంచర్ వేయించినప్పుడు ఎవరో ఒకరు డబ్బాలో చేతికందిన ఇత్తడి పిన్ను వేసేస్తారు. ఏడాది తర్వాత అది రాదు. ఇత్తడి మూతలతోనూ ఇదే గొడవ, నేను కోసి తీసిన మూతలు బోలెడు.

కాబట్టి ఇసుక దగ్గరికి వెళ్లాక కాదు, ఇంటి దగ్గరే నాలుగు పిన్నులూ ఒకసారి వదులు చేసి బిగించి చూడండి. వేళ్ల బలంతో తిరగాలి. తిరగకపోతే బలవంతం చేయొద్దు. కాడ విరిగిందంటే ఆ రోజు ప్రయాణం అక్కడితో ఆఖరు.

బిగించేటప్పుడూ అంతే. పిన్ను సీల్ అయ్యేది దాని మెడ దగ్గరుండే చిన్న వాషర్ వల్ల, మీ కండబలం వల్ల కాదు. ఆగాక ఒక చిన్న పట్టు, చాలు.

#8 నాలుగో గేరు

చూశారా, ఆటోమేటిక్‌లో ఈ బాధలేవీ లేవు. పిన్ను దాని చోట అది ఉంటుంది.

#9 వాల్వ్ పిన్ను

నిజమే. కానీ నాలుగు ఇత్తడి ముక్కలు అల్యూమినియం కాడలకి బిగించి వదిలేస్తే వాటి మరలూ అరుగుతాయి. మొదటి రెండు చుట్లు చేత్తో తేలిగ్గా ఎక్కించాలి, వంకరగా ఎక్కితే కాడ మర పోయినట్టే. ఇంకోటి, కొందరు అవి బిగించుకుని మెల్లగా బండి నడిపేస్తుంటారు, గాలి దిగుతూ ఉంటుంది కదా అని. రబ్బరు కాడ అయితే ఆ బరువుకి ఊగి ఊగి మొదట్లో పగులుతుంది. అలా చేయకండి.

#10 టార్క్ తాత

ఏ డిఫ్లేటర్ అన్న ప్రశ్నకి ముందు ఏ గేజ్ అన్న ప్రశ్న ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ముల్లు గేజ్ లోపల వంపు తిరిగిన సన్నటి గొట్టం ఉంటుంది. ఒత్తిడి పెరిగితే అది కాస్త తెరుచుకుంటుంది, ఆ కదలికే ముల్లుని తిప్పుతుంది. 1849లో యూజీన్ బోర్డాన్ పేటెంట్ తీసుకున్న ఏర్పాటు, ఇప్పటికీ అదే. దాని ఖచ్చితత్వాన్ని మొత్తం స్కేలులో శాతంగా చెబుతారు. 100 పీఎస్‌ఐ దాకా ఉన్న గేజ్‌కి 2 శాతం తేడా అంటే ఎక్కడైనా 2 పీఎస్‌ఐ అటూ ఇటూ. 35 దగ్గర అది పెద్ద లెక్క కాదు. 15 దగ్గర? 13 అయినా ఉండొచ్చు, 17 అయినా ఉండొచ్చు. అదే 30 దాకా ఉన్న గేజ్ అయితే తేడా 0.6. కానీ దాన్ని 35 ఉన్న టైరుకి పెడితే ముల్లు అవతలికి పోయి గొట్టం పాడవుతుంది. అందుకని మనలాంటివాళ్లకి 60 దాకా ఉన్నది మధ్యేమార్గం. పైగా ఇలాంటి గేజ్‌లు స్కేలు మధ్యలో బాగా చూపిస్తాయి, రెండు కొసల్లో అంత నమ్మకం ఉండదు.

డిఫ్లేటర్‌తో వచ్చే గేజ్ ఏదైనా, ఇంట్లో ఉన్న మంచి గేజ్‌తో ఒకే టైరు మీద పోల్చి చూసుకోవాలి. 1 తక్కువ చూపిస్తుందా? తప్పేం లేదు, ప్రతిసారీ అదే 1 తక్కువ చూపిస్తే చాలు. దాని మీద మార్కర్‌తో రాసిపెట్టుకోవచ్చు. ఒకసారి 1 తక్కువ, ఒకసారి 2 ఎక్కువ చూపించేదే పనికిరాదు.

#11 ఇసుకపురుగు

తాతగారూ, నాకున్న గేజ్ 0 నుంచి 100. ఇప్పుడే చూశా. 22 అనుకున్నది 24 కూడా అయ్యుండొచ్చన్నమాట. పార గుర్తొచ్చింది.

#12 బురద బండి

నాలుగు గొట్టాల సెట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మధ్యలో ఒక గేజ్, ఒక మీట, అక్కడి నుంచి నాలుగు టైర్లకీ గొట్టాలు. చివర్లు పిన్నుని నొక్కి పట్టుకుంటాయి కాబట్టి ఒక్కో టైరుకి గాలి నెమ్మదిగానే దిగుతుంది, కానీ నాలుగూ ఒకేసారి. నా బండికి 35 నుంచి 18కి నాలుగు నిమిషాలు. నిలబడి చేసే పని, నడుం వంచాల్సింది తగిలించేటప్పుడే.

అసలు లాభం వేరే ఉంది. నాలుగు టైర్లూ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కాబట్టి ఆఖరికి నాలుగింట్లోనూ ఒకే ఒత్తిడి. ఆయనకి జరిగినట్టు మూడు 18, ఒకటి 22 అన్న మాటే ఉండదు. వచ్చేటప్పుడు కంప్రెసర్ అదే గొట్టానికి తగిలిస్తే నాలుగింటికీ గాలి కొట్టుకుంటూ పోతుంది.

నష్టాలూ చెప్పాలి. గొట్టాల చుట్ట సంచి నిండా ఉంటుంది. బురదలో తిరిగొచ్చాక దాన్ని విప్పి పరవడం అంటే ఒళ్లంతా బురదే. వెనక సామాను బరువుంది, ముందు 16, వెనక 20 కావాలంటే రెండు విడతల్లో చేసుకోవాలి. ఏదైనా టైరు పంచరై ఉంటే మిగతా మూడింటి గాలీ దాంట్లోంచే పోతుంది, కాబట్టి తగిలించే ముందు ఒకసారి చుట్టూ తిరిగి చూసుకోవాలి.

#13 నాలుగో గేరు

నాలుగు నిమిషాలకి ఇంత తోరణం కట్టాలా బ్రదర్?

#14 బురద బండి

తోరణం కాదు గానీ, మీ తోలు సంచిలోవి ఆఖరిసారి ఎప్పుడు సెట్ చేశారు?

#15 నాలుగో గేరు

కొన్నప్పుడు. మూడేళ్లయింది.

#16 రాళ్లదారి

ఇవాళ నాలుగూ ఒక్కోసారి పెట్టి చూడు, ఏది ఎక్కడ ఆగుతుందో ఇక్కడ రాయి. మేమంతా ఎదురుచూస్తుంటాం.

#17 పాత జీపు

నేను పుల్లకి పదును పెట్టుకుంటూ ఎదురుచూస్తా.

#18 నాలుగో గేరు

సరే, చూశాను. నవ్వకండి. 18, 17, 18, 14.

14 దగ్గర ఆగినదాన్ని విప్పి చూస్తే లోపల సన్నటి ఇసుక. స్ప్రింగ్ ఒకవైపు తోస్తుంటే టైరు గాలి ఇంకోవైపు తోస్తుంది, గాలి బలం తగ్గగానే స్ప్రింగ్ దాన్ని మూసేయాలి. ఇసుక అడ్డుపడి సాఫీగా కదల్లేదు, ఆలస్యంగా మూసుకుంది. బ్రష్‌తో తుడిచి, టైరుని గేజ్‌తో 18కి తెచ్చి, డిఫ్లేటర్ బిగించి, బుస ఆగేదాకా తల తిప్పి, లాక్ నట్టు బిగించా. ఇప్పుడు సరిగ్గానే ఆగుతోంది.

మూడేళ్లుగా ఒక టైరు 14లో తిప్పుతున్నానేమో. ఏ మూలదో కూడా తెలీదు, ఎందుకంటే నాలుగూ ఒకేలా ఉంటాయి, ఏది ఎక్కడ పెట్టానో ఎప్పుడూ చూసుకోలేదు. అయినా ఆటోమేటిక్‌దే నా ఓటు. కాకపోతే ‘చూసే పని లేదు’ అన్నాను కదా, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా.

#19 రాళ్లదారి

నిజం రాసినందుకు మెచ్చుకోవాలి. నేనైతే 18, 18, 18, 18 అని రాసేదాన్నేమో!

14 అన్న మాటకి ఒకటి చెప్పాలి. బీడ్‌లాక్ (టైరు అంచుని రిమ్ముకి బిగించి పట్టే ఏర్పాటు) లేని మామూలు రిమ్ము మీద టైరుని పట్టి ఉంచేది లోపలి గాలే. 18లో చాలామందికి ఏమీ కాదు. 15 కిందకి వచ్చాక స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినా, పక్క వాలులో వెళ్తూ బ్రేక్ కొట్టినా టైరు అంచు రిమ్ముని వదిలేయొచ్చు. ఇసుకలో ఒకసారి నాకు అయింది. చక్రం పైకెత్తి, అంచు చుట్టూ ఇసుక తుడిచి, మళ్లీ కూర్చోబెట్టేసరికి పొద్దుగూకింది. బాగా దిగబడితే 12కి దించుతాను, బయటపడగానే మళ్లీ కొడతాను. అంతకంటే కిందకి నేను వెళ్లను. ఆ గాలితో వేగం వద్దు, 30 లోపే.

#20 టార్క్ తాత

ఇసుకపురుగూ, ఇంతకీ కంప్రెసర్ ఏముంది నీ దగ్గర?

#21 ఇసుకపురుగు

సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టేది, చిన్నది. 18 నుంచి 35కి ఒక్కో టైరుకి తొమ్మిది నిమిషాలు. రెండు టైర్లయ్యాక చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, కాసేపు ఆపాలి.

#22 టార్క్ తాత

అదీ సంగతి. లెక్క వేద్దాం. నీ సైజు టైరులో పట్టే చోటు సుమారు 65 లీటర్లు. 17 పీఎస్‌ఐ పెంచాలంటే బయటి గాలి దాదాపు 75 లీటర్లు లోపలికి తోయాలి. నాలుగింటికి 300. తొమ్మిది నిమిషాలకి 75 అంటే నీ పంపు నిమిషానికి 8 లీటర్లు ఇస్తోంది. డబ్బా మీద అంతకంటే చాలా ఎక్కువ రాసి ఉంటుంది. అది ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పటి లెక్క.

అంటే దించడానికి ఇరవై నిమిషాలు, కొట్టడానికి ముప్పై ఆరు, పంపు చల్లారేదాకా కూర్చోవడం అదనం. నువ్వేమో ఆ ఇరవైని ఐదు చేసుకోవడానికి పరికరం వెతుకుతున్నావు. తప్పని అనను. కానీ మనిషి 22 దగ్గర వదిలేసేది దించడం విసుగొచ్చి మాత్రమే కాదు, మళ్లీ కొట్టాలన్న టెన్షన్ కూడా చేతిని ఆపుతుంది. గాలి తిరిగి కొట్టడం తేలికైతే 16కి కూడా ధైర్యంగా దించుతావు.

పెద్ద కంప్రెసర్ తీసుకుంటే సాకెట్‌లో పెట్టకు. ఆ ఫ్యూజు మామూలుగా 10, 15 ఆంపియర్లది. పెద్దవి 30 దాకా లాగుతాయి. క్లిప్పులతో నేరుగా బ్యాటరీకి పెట్టాలి, ఇంజన్ నడుస్తూ ఉండాలి. డ్యూటీ సైకిల్ కూడా చూడు, ఎంతసేపు నడిపితే ఎంతసేపు ఆపాలన్నది అందులోనే ఉంటుంది.

సందర్భం వచ్చింది కాబట్టి, ఈ కూర్చోవడం, లేవడం లేకుండా చేసినవాళ్లూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన డక్ అనే నేలా నీరూ రెండూ తిరిగే బండిలో డ్రైవరు సీట్లోంచే టైర్ల గాలి తగ్గించేవాడు, పెంచేవాడు. ఒడ్డు ఇసుక ఎక్కేముందు తగ్గించడం, గట్టి నేల రాగానే పెంచడం. మనం ఇంకా పుల్లల దగ్గరే ఉన్నాం.

#23 పాత జీపు

పుల్ల జోలికి రాకండి.

#24 కొండగాలి

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను వెళ్లేది ఇసుక కాదు, కొండలు. సముద్రమట్టం దగ్గర 18 పెట్టుకుని 3,000 మీటర్లు ఎక్కితే గేజ్ ఎక్కువ చూపిస్తుందా? డిఫ్లేటర్ కింద సెట్ చేసుకోవాలా, పైన సెట్ చేసుకోవాలా?

#25 టార్క్ తాత

ఎక్కువే చూపిస్తుంది. గేజ్ చూపేది లోపలి ఒత్తిడికి, బయటి గాలి ఒత్తిడికి మధ్య తేడా. సముద్రమట్టం దగ్గర బయట 14.7 పీఎస్‌ఐ, 3,000 మీటర్ల దగ్గర సుమారు 10. కాబట్టి కొంచెం కూడా గాలి కొట్టకుండానే నాలుగున్నర పెరుగుతుంది. అయితే పైన చలి. టైరు 20 డిగ్రీలు చల్లబడితే 18 దగ్గర ఉన్నది రెండు పైచిలుకు తగ్గుతుంది. రెండూ కొంతవరకు కొట్టుకుపోతాయి, పూర్తిగా కాదు. గాలి దించాల్సిన చోటే గేజ్ పెట్టి దించుకో. ఇంట్లో లెక్కలు వేసి పట్టుకెళ్లకు.

వేడి విషయంలోనూ ఇదే. హైవే మీద గంట నడిపి దిగగానే టైర్లు వేడిగా ఉంటాయి. అప్పుడు 18కి దించి, భోజనం చేసి వచ్చేసరికి 16 ఉంటే గాలి పోయిందని కంగారు పడొద్దు. చల్లబడిందంతే.

#26 ఇసుకపురుగు

టీపీఎంఎస్ గురించి ఒక డౌటు. గాలి దించగానే డాష్‌బోర్డులో లైటు వెలుగుతూ ఉంటుంది. రీసెట్ కొట్టేయొచ్చా?

#27 వాల్వ్ పిన్ను

కొట్టొద్దు. ఉండాల్సిన దానికంటే పాతిక శాతం దాకా పడితే ఆ లైటు వెలుగుతుంది, దాని పని అది చేస్తోంది. కొన్ని బండ్లలో సెన్సార్ ఉండదు, చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో చూసి లెక్క కడతాయి. అలాంటి బండిలో 18 దగ్గర రీసెట్ కొడితే 18నే మామూలు అనుకుంటుంది. రోడ్డెక్కి 35 కొట్టాక రీసెట్ చేయండి. మీది సెన్సార్లదే కాబట్టి గాలి కొట్టి కాస్త దూరం నడిపితే చాలా బండ్లలో దానంతట అదే ఆరిపోతుంది.

#28 మోడరేటర్

రిమ్ముకి రెండో వాల్వ్ కోసం రంధ్రం వేయించుకోవడం గురించి వచ్చిన నాలుగు పోస్టులు వేరే చర్చకి మార్చాను. ఇక్కడ పోర్టబుల్ డిఫ్లేటర్ల వరకే ఉందాం.

#29 ఇసుకపురుగు

అందరికీ థ్యాంక్స్. ఆలోచించుకున్నా. పిన్ను లాగే రకమే తీసుకుంటున్నా, గేజ్ 60 దాకా ఉన్నది. ఎందుకంటే ఒకరోజు 18 కావాలి, ఇంకోరోజు కంకరలో 26 కావాలి, ఆటోమేటిక్ అయితే ప్రతిసారీ నాలుగూ మళ్లీ సెట్ చేయాలి. గొట్టాల సెట్ మా ఆవిడకి నచ్చింది గానీ బండిలో చోటు లేదు. డిఫ్లేటర్ కోసం అనుకున్న డబ్బు కాస్త పక్కకి తోసి కంప్రెసర్ కూడా మారుస్తున్నా, బ్యాటరీ క్లిప్పులది. నికెల్ పిన్నులు పది, పిన్ను తీసే చిన్న పనిముట్టు ఒకటి. వాడి చూసి రాస్తా.

#30 రాళ్లదారి

పిన్నుల్ని రెండు చోట్ల పెట్టు. ఐదు డ్యాష్‌బోర్డు అరలో, ఐదు పనిముట్ల సంచిలో. ఎందుకో చెప్పను, నీకే తెలుస్తుంది.

#31 ఇసుకపురుగు

మూడు వారాల తర్వాత రాస్తున్నా.

ఇంటి దగ్గర వాల్వ్ పిన్ను గారు చెప్పినట్టే నాలుగూ వదులు చేసి చూశా. మూడు తేలిగ్గా తిరిగాయి. వెనక ఎడమది కదల్లేదు. మూత తీసి చూస్తే లోపల తెల్లటి పొడి పట్టుకుని ఉంది. ఆరు నెలల క్రితం పంచర్ వేయించింది ఆ టైరుకే. బలవంతం చేయలేదు, అలాగే వదిలేశా.

నిన్న ఇసుక దగ్గర మొదటి టైరు 50 సెకన్లు, రెండోది కూడా అంతే. మూడోదానికి పిన్ను తిరిగి బిగించకుండానే పరికరం విప్పేశాను. మా ఆవిడ ఏదో అడిగింది, అటు తిరిగి జవాబు చెబుతూ విప్పేశాను. చేతిలో పరికరం, దాంట్లో పిన్ను, టైరులోంచి గాలి మొహం మీదకి. కంగారులో పిన్నుని పరికరంలోంచి లాగబోతే ఇసుకలో పడింది. బొటనవేలు వాల్వ్ మీద పెట్టి కూర్చుంటే మా ఆవిడ డ్యాష్‌బోర్డు అర తెరిచి కొత్త పిన్ను తెచ్చింది. బిగించేసరికి టైరులో 9. రాళ్లదారి అక్కా, రెండు చోట్ల ఎందుకో తెలిసింది. పనిముట్ల సంచి ఎక్కడో సామాను అడుగున ఉంది.

నాలుగోది, ఆ కరుచుకున్న టైరు, పాత పద్ధతిలోనే దించా. పుల్లతో.

#32 పాత జీపు

🙏

#33 ఇసుకపురుగు

కొత్త కంప్రెసర్ అయితే అదిరింది. ఆ 9 ఉన్న టైరుని 18కి తేవడానికి నిమిషం పైచిలుకు. సాయంత్రం నాలుగూ 35కి తొమ్మిది నిమిషాల్లో అయిపోయాయి, ఇదివరకు ఒక్క టైరుకి పట్టే టైము. ఈసారి 16కి దించుదామా అనుకుంటున్నా.

#34 వాల్వ్ పిన్ను

వెనక ఎడమది దగ్గర్లోని టైర్ల షాపులో విప్పించండి, టైరు కిందకి దించి కాడనే మార్పిస్తే నయం. కొత్త కాడలో నికెల్ పిన్ను వేశారో లేదో మీరే చూసుకోండి. వెండి రంగులో ఉంటుంది.

#35 టార్క్ తాత

అన్నీ చూశావు గానీ, స్టెప్నీలో గాలి ఎంతుందో చూశావా?

#36 ఇసుకపురుగు

…ఇప్పుడే కిందకి వెళ్తున్నా.

#37 ఇసుకపురుగు

11.